కిడ్నీలో రాయి: నొప్పి మందు, ఎదురుచూపు, ఆపరేషన్... ఎవరికి ఏది?

రాయి నొప్పితో వచ్చిన మనిషిని చూడగానే పోల్చుకోవచ్చు. నిలబడలేడు, కూర్చోలేడు, పడుకోనూ లేడు. ఒక చెయ్యి నడుం పక్కన ఆనించి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య మందుల షాపు నడుపుతున్న నాకు ఎండలు ముదిరాక ఇలాంటివాళ్లు తరచూ ఎదురవుతారు. చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, ఒక ఇంజక్షన్ వేయించెయ్, రాయి అదే పడిపోద్ది."

ఇంజక్షన్‌తో నొప్పి పోతుంది. రాయి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. నొప్పి తగ్గడం వేరు, రాయి పోవడం వేరు. ఇది ఒంటబట్టించుకుంటే మిగతా ఎంపికలన్నీ తేలికవుతాయి. పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, రాయి మూత్రనాళానికి అడ్డుపడి వారాల తరబడి ఉంటుంది, లోపల ఒత్తిడి సర్దుకుని నొప్పి దానంతటదే మాయమవుతుంది, మనిషి బాగుపడ్డాననుకుంటాడు. ఆ వైపు కిడ్నీ మాత్రం మెల్లగా చెడిపోతూ ఉంటుంది.

కిడ్నీలో ఒక మూల కూర్చున్న రాయి సాధారణంగా నొప్పి పుట్టించదు. అది జారి మూత్రనాళంలోకి దిగినప్పుడే గొడవ. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుండే ఆ సన్నటి గొట్టంలో రాయి ఇరుక్కుంటే పైన మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. స్కాన్ రిపోర్టులో కనిపించే 'హైడ్రోనెఫ్రోసిస్' అనే మాటకి అర్థం ఈ ఉబ్బే. అప్పుడు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఊరి నొప్పిని రెట్టింపు చేస్తాయి. ఏ మందు పనిచేస్తుంది, ఏది పనిచెయ్యదు అన్నది ఇక్కడినుంచే తేలుతుంది.

నొప్పి మందుల్లో ఏది మేలు

ఆ రసాయనాల్ని నేరుగా అడ్డుకునేది డైక్లోఫెనాక్. అందుకే డాక్టర్లు ముందు దాన్నే ఎంచుకుంటారు. సాధారణంగా 75 మిల్లీగ్రాముల ఇంజక్షన్ కండకి ఇస్తారు, అరగంటలో మనిషి స్థిమితపడతాడు. వాంతులతో మాత్ర నిలవని వాళ్లకి మలద్వారంలో పెట్టే డైక్లోఫెనాక్ గుళిక కూడా ఉంది. మనవాళ్లు మొహమాటపడి వద్దంటారు గానీ రాత్రిపూట దగ్గర్లో ఇంజక్షన్ చేసేవాళ్లు లేని పల్లెల్లో అదే ఆదుకుంటుంది.

కానీ ఇది అందరికీ పడదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే లెక్క) ఎక్కువున్నవాళ్లు, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, ఆస్పిరిన్ పడని ఆస్తమా వాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. మా షాపులో ముందు అడిగేది ఇవే. ఎన్టీఆర్ జిల్లా ఏ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు గురించి అందరూ విన్నదే. అది రాళ్ల జబ్బు కాదు, కిడ్నీలు నిదానంగా పాడయ్యే మరో జబ్బు. అటువైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, క్రియాటినిన్ చూపించుకోకుండా నొప్పి మాత్ర మింగొద్దని చేతులు జోడించి చెప్తాను. రెండు కిడ్నీలూ బాగున్నవాళ్లు కూడా ఒకటి రెండు రోజులకి మించి సొంతంగా వాడకూడదు.

డైక్లోఫెనాక్ పడనివాళ్లకి పారాసెటమాల్ ఉంది. జ్వరం మాత్ర కదా అని చిన్నచూపు చూస్తారు. ఆసుపత్రిలో ఒక గ్రాము సెలైన్‌లాగా నరానికి ఎక్కిస్తే రాయి నొప్పికి బాగానే పనిచేస్తుంది, గర్భిణులకి కూడా ఇవ్వొచ్చు. ట్రమడాల్ ఆ తర్వాతి మెట్టు. దాంతో వాంతులు, తలతిరుగుడు ఎక్కువ. అసలే వాంతులవుతున్న మనిషికి మొదటి మందుగా అది నాకు నచ్చదు.

ఇక మనవైపు అందరూ అడిగే డ్రోటావెరిన్, డైసైక్లోమైన్ లాంటి 'పట్టు విడిపించే' మాత్రలు. కడుపులో మెలిపెట్టే నొప్పికి అవి మంచివే. రాయి నొప్పికి మాత్రం వాటినొక్కదాన్నే నమ్ముకుంటే రాత్రంతా అల్లాడాల్సిందే. డైక్లోఫెనాక్‌కి తోడుగా ఇచ్చినా పెద్దగా కలిసొచ్చేది లేదు. గ్యాస్ మాత్రల సంగతి చెప్పక్కర్లేదు. వేడినీళ్ల సంచి నడుం పక్కన పెట్టుకోవడం మాత్రం నిజంగా ఉపశమనం ఇస్తుంది, ఖర్చూ లేదు, హానీ లేదు.

నొప్పి మొదలవగానే చెంబులకి చెంబులు నీళ్లు తాగించే అలవాటొకటుంది. దాంతో రాయి కొట్టుకుపోదు. అడ్డం పడ్డచోట వెనక ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది, తాగింది వాంతిగా బయటికొస్తుంది. నొప్పి ఉన్నంతసేపూ దాహానికి సరిపడా గుక్కెడు గుక్కెడు చాలు. నీళ్ల విలువ తర్వాత, నివారణలో.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

నొప్పితోపాటు చలిజ్వరం వచ్చిందంటే అడ్డుపడ్డ మూత్రంలో చీము చేరుతోందని అనుమానించాలి. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకి మరీ త్వరగా. తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, గర్భిణి అయినా, ఇంజక్షన్ వేశాక కూడా గంటలో నొప్పి లొంగకపోయినా అంతే. అరవై దాటాక జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే అది రాయి అని ఎవరికి వాళ్లు తేల్చుకోకూడదు. పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లబోతున్నప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. నెల తప్పిన ఆడవాళ్లలో గర్భం ట్యూబులో ఉన్నా పొత్తికడుపులో ఒక పక్క పొడిచినట్టుంటుంది.

స్కాన్: అల్ట్రాసౌండా, సీటీనా

అల్ట్రాసౌండ్ చవక, రేడియేషన్ లేదు, కిడ్నీ ఉబ్బిందో లేదో చక్కగా చెప్తుంది. గర్భిణులకీ పిల్లలకీ అదే. లోటేమిటంటే మూత్రనాళం మధ్యభాగంలో ఉన్న రాయి పేగుల వెనక దాక్కుని దానికి దొరకదు. "రాయి లేదు గానీ కిడ్నీ వాచింది" అని రిపోర్టు వస్తే రాయి లేనట్టు కాదు. మామూలు ఎక్స్‌రేలో కాల్షియం రాళ్లు కనిపిస్తాయి, యూరిక్ ఆసిడ్ రాళ్లు కనిపించవు. మందు ఎక్కించకుండా తీసే ప్లెయిన్ సీటీలో దాదాపు అన్నీ బయటపడతాయి: ఎంత సైజు, ఎక్కడుంది, ఎంత గట్టిది. మొదటిసారి నొప్పి అయితే, లేదా ఆపరేషన్ మాట వచ్చిందంటే సీటీ తీయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. తగ్గిందో లేదో చూసుకోవడానికి ప్రతిసారీ సీటీ అక్కర్లేదు, అప్పుడు అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే చాలు.

ఆగాలా, తీయించాలా

ఈ నిర్ణయం నొప్పి ఎంతుందన్న దాన్నిబట్టి చెయ్యకూడదు. 4 మిల్లీమీటర్ల రాయి ఏడిపించొచ్చు, 20 మిల్లీమీటర్ల రాయి ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండొచ్చు. చూడాల్సింది సైజు, చోటు, జ్వరం, అవతలి కిడ్నీ పరిస్థితి.

మూత్రనాళంలోకి దిగిన రాయి 5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే చిన్నదైతే సుమారు మూడింట రెండు వంతుల మందిలో దానంతటదే పడిపోతుంది. 5 నుంచి 10 మధ్య ఉంటే ఆ అవకాశం సగానికి కాస్త తక్కువ. 10 దాటితే ఎదురుచూపులో అర్థం లేదు. కిందికి దిగినకొద్దీ ఆశ ఎక్కువ. రిపోర్టులో 'వీయూజే' అని ఉంటే రాయి మూత్రాశయం గుమ్మం దాకా వచ్చినట్టే.

ఆగుదామనుకున్నప్పుడు డాక్టర్లు టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు రాత్రిపూట రాస్తారు. ఇది రాయిని కరిగించదు, మూత్రనాళం కింది భాగాన్ని వదులు చేస్తుంది. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య సైజుండి, నాళం కింది భాగంలో ఉన్న రాళ్లకే దీని ఉపయోగం ఎక్కువ, చిన్న రాళ్లు ఇది లేకపోయినా పోతాయి. మంచం మీంచి లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి కాబట్టి బీపీ మందులు వాడే పెద్దవాళ్లు మెల్లగా లేవాలి.

ఎదురుచూపుకి గడువుండాలి. నాలుగు నుంచి ఆరు వారాలు, ఆ లోపల మళ్లీ స్కాన్. నొప్పి లేదు కదా అని స్కాన్ ఎగ్గొట్టేవాళ్ల గురించే నా బెంగంతా. ఆ రోజుల్లో మూత్రాన్ని ఒక పాత టీ వడకట్టులోంచి పోసి చూసుకోండి. రాయి దొరికితే పారేయకుండా చిన్న డబ్బాలో దాచండి. దాన్ని పరీక్షకి పంపితే ముందుముందు ఏం తినాలో, ఏ మందు వాడాలో అదే చెప్తుంది.

తీయించుకోవాల్సి వస్తే, మన దగ్గర జనం అన్నింటినీ కలిపి 'లేజర్' అంటారు గానీ నాలుగు దారులున్నాయి.

బయటినుంచి తరంగాలతో రాయిని పిండి చేసే ఈఎస్‌డబ్ల్యూఎల్‌లో కోత లేదు, మామూలుగా అదే రోజు ఇంటికెళ్లొచ్చు. అయితే ముక్కలు మళ్లీ మూత్రంలోంచే పడాలి, ఒక్క విడతలో పని కాకపోవచ్చు. కిడ్నీ అడుగు భాగంలో 10 మిల్లీమీటర్లు దాటిన రాళ్లకి, సీటీలో గట్టితనం 1000 యూనిట్లు దాటిన రాళ్లకి ఇది సరిగా పనిచెయ్యదు. గర్భిణులకి, రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్లకి అసలు చెయ్యరు.

మూత్రనాళంలో ఇరుక్కున్న రాయికి యూఆర్ఎస్ మేలు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి లేజర్‌తో పగలగొడతారు. కోత లేదు, ఒక్కసారికే పని అయ్యే అవకాశం ఎక్కువ. ఇదే పద్ధతిలో వంగే గొట్టంతో కిడ్నీ లోపలిదాకా వెళ్తే ఆర్ఐఆర్ఎస్, 20 మిల్లీమీటర్ల లోపు కిడ్నీ రాళ్లకి. పరికరం ఖరీదైనది కాబట్టి బిల్లు కూడా పెరుగుతుంది. 20 దాటిన రాళ్లకి వీపు పక్క చిన్న రంధ్రం చేసి తీసే పీసీఎన్‌ఎల్. రక్తస్రావం, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు ఎక్కువే, కానీ పెద్ద రాయిని అంత శుభ్రంగా తీసేది మరొకటి లేదు. పెద్ద రాయికి కూడా 'కోత లేకుండా చేస్తాం' అని ఎవరైనా అంటే, ఎన్ని విడతలు, మొత్తం ఎంత అని అడగండి. రెండు మూడు విడతలు కలిపితే ఖర్చూ బాధా రెండూ మించిపోతాయి.

వీటన్నిటికంటే గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది డీజే స్టెంట్. ఆపరేషన్ తర్వాత కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా పెట్టే సన్నటి గొట్టమది. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం రావడం, మంట, కాస్త రక్తం కనిపించడం మామూలే. దాన్ని తప్పనిసరిగా తీయించాలి. మర్చిపోయి నెలల తరబడి ఉంచేస్తే దానిమీదే కొత్త రాళ్లు పేరుకుని, ఒక్క నిమిషంలో తీసేది మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది. డిశ్చార్జి కాగితం మీద తీసే తేదీ రాయించుకోండి, ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

ఎక్కడ చేయించుకోవాలన్నది డబ్బు మీదా, తొందర మీదా ఆధారపడే ప్రశ్న. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో, గుంటూరుకీ విజయవాడకీ మధ్యనున్న మంగళగిరి ఎయిమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి, ఖర్చు తక్కువ, వరస ఎక్కువ. తొందర లేని రాయికి అక్కడికి వెళ్లడమే నేను చెప్పేది. అడ్డుపడి కిడ్నీ ఉబ్బుతుంటే, వరసలో ఆలస్యమవుతుందని తెలిస్తే విజయవాడ సూర్యారావుపేటలోనో మా కొత్తపేటలోనో ప్రైవేటులో చూపించుకోక తప్పదు. అక్కడ కూడా ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ ఆపరేషన్ జరుగుతుందేమో ఆరోగ్యమిత్రని ముందే అడగండి. సొంత డబ్బుతో అయితే ప్యాకేజీలో స్టెంట్ తీయడం కలిసి ఉందా, రాయి ముక్క మిగిలితే రెండో విడతకి మళ్లీ ఎంత అన్నవి కాగితం మీద తేల్చుకోండి.

కొండపిండి, ఉలవచారు, బీరు

కొండపిండి ఆకు పెసరపప్పులో వేసుకుని తినడం, ఉలవకట్టు తాగడం, అరటిదూట రసం, బార్లీ నీళ్లు... మన ఇళ్లల్లో తరతరాలుగా ఉన్నవే. కూరగా, చారుగా తింటే తప్పులేదు. వీటితో రాయి కరిగిందని తేల్చే గట్టి రుజువులు మాత్రం లేవు. చిన్న రాయి దానంతటదే పడిపోయేదే, ఆ వారం తాగుతున్న రసానికి పేరొస్తుంది. బార్లీ నీళ్ల గొప్పతనం చాలావరకు అందులోని నీళ్లదే. కిడ్నీ ఉబ్బినవాళ్లు వీటిని నమ్ముకుని నెలలు గడపడం ఒక్కటే ప్రమాదం.

బీరు సంగతి వేరు. "రెండు సీసాలు పట్టిస్తే రాయి జారిపోద్ది" అని కుర్రాళ్లకి చెప్పేవాళ్లని చూస్తే కోపమొస్తుంది. మూత్రం కాసేపు ఎక్కువ వస్తుంది, ఆ తర్వాత ఒళ్లు ఎండుతుంది, యూరిక్ ఆసిడ్ పెరుగుతుంది. అది మందు కాదు.

కరిగే రాయి ఒకటుంది: యూరిక్ ఆసిడ్ రాయి. పొటాషియం సిట్రేట్‌తో మూత్రంలో పులుపు తగ్గిస్తే అది నిజంగానే కరుగుతుంది. కాల్షియం రాళ్లు అలా కరగవు. రాయి పరీక్షకి పంపమన్నది ఇందుకే.

మళ్లీ రాకుండా

ఒకసారి రాయి వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి పదేళ్లలోపు మళ్లీ వస్తుంది. అందుకే నివారణ మీద పెట్టే శ్రమ వృథా కాదు.

అన్నింటిలోకీ మొదటిది నీళ్లు. లెక్క తాగిన నీళ్లది కాదు, పోసిన మూత్రానిది: రోజుకి రెండున్నర లీటర్లు రావాలి. ఏసీ గదిలో ఉండేవాళ్లకి మూడు లీటర్లు తాగితే సరిపోవచ్చు, మే నెలలో బెజవాడ ఎండలో తిరిగేవాళ్లకి నాలుగు లీటర్లు కూడా చాలకపోవచ్చు. ఒక సెలవు రోజున కొలత గీతలున్న సీసాతో కొలుచుకుంటే ఎవరి లెక్క వాళ్లకి తెలుస్తుంది. ఆ తర్వాత రంగు చూసుకుంటే చాలు, లేత గడ్డి రంగు దాటకూడదు. పడుకునే ముందొక గ్లాసు, రాత్రి లేచినప్పుడొకటి. రాళ్లు పేరుకునేది ఎక్కువగా మూత్రం చిక్కబడే రాత్రివేళే.

ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి చెమటలోనే నీళ్లన్నీ పోతాయి. విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడే ఆడపిల్లలు మూత్రానికి వెళ్లే వీల్లేక నీళ్లు తాగడమే మానేస్తారు. ఆటో నడిపేవాళ్లదీ అదే తీరు. యజమానులెవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర పనిచేసేవాళ్లకి మరుగుదొడ్డి తాళం చెవి ఇవ్వండి. నేను అమ్మే ఏ సిరప్ కంటే అది పెద్ద మందు.

బోరు నీళ్లా, ఆర్వో నీళ్లా అని అడుగుతారు. 'ఉప్పు నీళ్ల వల్లే రాళ్లు' అన్న నమ్మకం బలంగా ఉంది గానీ, నీళ్ల గట్టితనం కంటే ఎన్ని తాగారన్నదే ఎక్కువ తేడా చేస్తుంది. క్యాన్ అయిపోయిందని దాహంతో ఉండేకంటే కాచి చల్లార్చిన మున్సిపల్ నీళ్లు తాగండి.

రెండోది ఉప్పు. మన గుంటూరు, విజయవాడ వైపు వాళ్లకి చెప్పడానికి కష్టంగా ఉంటుంది గానీ, రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, అంతకి మించకూడదు. ఒంట్లోకి ఉప్పు ఎక్కువ చేరితే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. టమాటా గింజలు రాళ్లవుతాయని ఏరి పారేసి, అదే పూట ఆవకాయ రెండు సార్లు వేసుకునేవాళ్లు ఎందరో. టమాటాలో భయపడాల్సింది లేదు. పచ్చడిలో ఉంది.

పాలు, పెరుగు మానెయ్యమని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఇది పూర్తిగా తలకిందుల సలహా. 2002లో ఇటలీ పరిశోధకులు ఐదేళ్ల పాటు చేసి ప్రచురించిన అధ్యయనంలో కాల్షియం తగ్గించినవాళ్లకంటే, కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లలో మళ్లీ రాళ్లు రావడం సుమారు సగానికి తగ్గింది. కారణం తేలికే: అన్నంతోపాటు తిన్న పెరుగులోని కాల్షియం ఆకుకూరల్లోని ఆక్సలేట్‌ని (మూత్రంలో కాల్షియంతో కలిసి రాయి కట్టే పదార్థమిది) పేగులోనే పట్టేసుకుంటుంది, అది మూత్రందాకా రాదు. కాల్షియం మాత్రలు వాడేవాళ్లు కూడా పరగడుపున కాకుండా భోజనంతో వేసుకోవాలి.

ఆక్సలేట్ విషయంలో అసలు జాగ్రత్త పాలకూరతో. తోటకూర, చుక్కకూర, బాదం, జీడిపప్పు, బీట్‌రూట్ ఆ తర్వాత. ఆక్సలేట్ రాయి అని తేలినవాళ్లు పాలకూర బదులు మెంతికూర వండుకోవచ్చు. ఉడికించి నీళ్లు వార్చేస్తే మిగతా ఆకుల్లోనూ కొంత తగ్గుతుంది. గోంగూర పూర్తిగా మానక్కర్లేదు. అప్పుడప్పుడు పప్పులో వేసుకుని, పైన పెరుగన్నం తినండి. నిల్వ పచ్చడి మాత్రం ఉప్పు కారణంగా తగ్గించాల్సిందే. రోజూ వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్ర మింగేవాళ్లు ఆపెయ్యండి, అదీ ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది.

తాగేవాటిలో నిమ్మకాయ నీళ్లు ముందు. అందులోని సిట్రేట్ రాయి కట్టకుండా ఆపుతుంది, ఉప్పూ చక్కెరా దండిగా వేసి చెడగొట్టకండి. పల్చటి మజ్జిగ, కొబ్బరిబోండాం కూడా మంచివే. కోలాలు వద్దు. మాటిమాటికీ రాళ్లు వచ్చేవాళ్లకి డాక్టర్ రాసే పొటాషియం సిట్రేట్ సిరప్ నిమ్మకాయకంటే బలమైనది. కానీ కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్లు పక్కింటివాళ్ల చీటీ చూపించి కొనకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల కట్టే రాళ్లకైతే ఈ సిరప్ మేలు చెయ్యకపోగా కీడే చెయ్యొచ్చు.

రెండోసారి రాయి వచ్చినవాళ్లు, చిన్నపిల్లలు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు రాయి పరీక్షతోపాటు ఇరవై నాలుగు గంటల మూత్ర పరీక్ష, రక్తంలో కాల్షియం, యూరిక్ ఆసిడ్ చూపించుకోవాలి. కాల్షియం ఎక్కువుంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథిలో లోపం ఉండొచ్చు, అది సరిచేస్తే గానీ రాళ్లు ఆగవు. మూత్రం పట్టే రోజు నీళ్లూ తిండీ మార్చకండి, మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి. పొద్దున మొదటి మూత్రం బయటే వదిలేసి, ఆ తర్వాతినుంచి మర్నాడు పొద్దున మొదటిదాంతో కలిపి ప్రతి చుక్కా ల్యాబ్ డబ్బాలో పట్టాలి.